మెట్టెలు తీసే సీను

"నావల్ల కాదు హర్షితా. ఇంకెవరినైనా చూసుకో," అంది పద్మలత.

సబ్బు నురగ రాసుకుని ఎడమ కాలి మెట్టెను సగం దాకా లాగింది. కింద చర్మం నొక్కుకుపోయి తెల్లటి గీత బయటపడింది. అది కనిపించగానే మెట్టెను గబుక్కున వెనక్కి తోసేసింది.

"యాక్టింగే కదా ఆంటీ."

"పదహారేళ్ల గీత ఇది. మీ అంకుల్ రోజూ స్కూటర్ మీద బాలానగర్ వెళ్లొస్తారు. చూస్తూ చూస్తూ ఎలా తీయను?"

హర్షిత గడియారం చూసుకుంది. కాలేజీ పోటీకి ఆమె తీస్తున్నది పావుగంట క్రైమ్ సినిమా. ఒకామె భర్త కనిపించకుండా పోతాడు. ఊరంతా ఆమెనే అనుమానిస్తుంది. చివరికి అతన్ని దొంగలు చంపారని తెలుస్తుంది. ఆమె మెట్టెలు తీసి ఏడుస్తుంది. ఆ ఒక్క సీనే మిగిలింది. అద్దె కెమెరా సాయంత్రం ఆరింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. పొద్దుటి నుంచి ఈ శామీర్‌పేట కమ్యూనిటీ హాల్లో పదకొండు మందిని అడిగింది. మెట్టెలున్నవాళ్లు తీయలేమన్నారు. లేనివాళ్లు తొడుక్కోలేమన్నారు.

"నేను చేస్త బిడ్డా."

హాలు ఊడుస్తున్న సిద్దమ్మ. నలభై ఏళ్లుంటాయి. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు.

గుమ్మంలో బీడీ కాలుస్తున్న వాచ్‌మన్ ఓదెలు లోపలికి వచ్చాడు. సిద్దమ్మ భర్తకు స్వయానా అన్న.

"ఎందుకు చెయ్యది? ఐదేండ్ల సంది యాక్టింగ్ చేస్తనే ఉన్నది. మా బాలేష్ భివండి వోయిండంటది. వోంగ ఎవలు చూసిన్రు? ఉత్తరం లేదు, ఫోన్ లేదు. రేపు ఠాణాల కాయితం పెడుతున్న."

"ఆయన వస్తడు బావా," సిద్దమ్మ తలవంచుకునే అంది. "మగ్గాల పనిల ఇరుక్కున్నడు."

"మీలాంటి వాళ్లు చూడాలనే ఈ సినిమా తీస్తున్నాను," అంది హర్షిత ఓదెలుతో. "కాస్త బయట నిలబడండి."

అతను బయటికి వెళ్లి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. చూపు సిద్దమ్మ మీదే ఉంది.

"నిజంగా తీస్తావా సిద్దమ్మా? పట్టింపు లేదా?"

"పెండ్లినాడు ఆయన తొడిగినయి. ఇరువై ఏండ్లల ఒక్కనాడు తియ్యలే. ఇది ఉత్తుత్త ఏడుపే గద. ఆయనకేమైతది?"

పద్మలత ముఖం అటు తిప్పుకుంది. ఎంత ధైర్యమో ఈమెకు, అనుకుంది హర్షిత.

"సబ్బు ఇవ్వనా?" కెమెరా సర్దుతూ అడిగాడు హర్షిత క్లాస్‌మేట్ ప్రతాప్.

"వద్దు బిడ్డా."

మెట్టెలు ఒకదాని వెంట ఒకటి ఆమె అరచేతిలోకి వచ్చాయి. వాటిని గుప్పిట్లో బిగించి రొమ్ముకు ఆనించుకుంది. హర్షిత రాసిచ్చినవి రెండే మాటలు. సిద్దమ్మ వాటిని పలకలేదు.

"ఇన్నొద్దులు నీకోసం ఏడువనన్న ఏడువకపోతిని గదనయ్యా..."

ఆ ఏడుపు అక్కడితో ఆగలేదు. ప్రతాప్ కెమెరా ఆపాక కూడా ఆమె నేల మీద ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంది. పద్మలత వెళ్లి భుజం పట్టుకుంటే గానీ తేరుకోలేదు.

ఓదెలు తువ్వాలతో కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"తప్పు మాట్లాడిన సిద్దమ్మా. ఇంత పానం పెట్టుకున్నదానివి... ఇగ ఠాణాకు వోను. వాడు వచ్చిననాడే వస్తడు."

సిద్దమ్మ తల ఊపింది. మెట్టెలు తొడుక్కుని, చీపురు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆరు కావడానికి పది నిమిషాలుంది. హర్షిత కెమెరా చిన్న తెర మీద సీను మొదటి నుంచి చూసుకుంది. ఓదెలు కళ్లనే తడిపిందంటే సినిమా గెలిచినట్టే. తెర నిండా సిద్దమ్మ పాదాలు. మెట్టె జారి వస్తోంది. హర్షిత బొమ్మను అక్కడ ఆపి, ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

ఆ వేళ్ల మీద గీత లేదు.