ఏడో పాఠంలో నలభై సెకన్లు

"ఏడోది తప్ప ఇంకేదైనా అడగమ్మా," అంటూ బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

యూనివర్సిటీ సిబ్బందికి ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే అమ్మాయి ల్యాప్‌టాప్ తెరుచుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. సర్టిఫికెట్ల కౌంటరులో ఆయనది ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఆఫీసంతటికీ ఆయన బాబాయే. శుక్రవారం రిటైరవుతున్నాడు. ఆ తరువాత పదకొండు కాలేజీల కౌంటర్లలో కూర్చోబోయే కొత్తవాళ్లకి ఈ పాఠాలే దిక్కు. ఆరు పాఠాలు గలగలా చెప్పేసిన మనిషి ఏడోదాని దగ్గర నోరు విప్పనన్నాడు.

చదువు మధ్యలో చనిపోయిన విద్యార్థి సర్టిఫికెట్లు ఇంట్లోవాళ్లకి ఎలా అప్పగించాలన్నదే ఆ పాఠం.

"మీరు చెప్పకపోతే రూల్సు పుస్తకంలో ఉన్నదే పెడతాను బాబాయ్ గారూ."

"ఏముందందులో?"

"'దరఖాస్తు నింపించి, సంతకం తీసుకుని, కాగితాలు అప్పగించవలెను.'"

"అంతేనా?"

"అంతే. చదివినవాళ్లు అంతే చేస్తారు. వద్దనడానికి శనివారం నుంచి మీరుండరు."

పక్క సీటులో హాస్టల్ పనులు చూసే అక్క నవ్వింది. "ఒప్పుకో బాబాయ్. కావాలంటే మొహానికి పౌడరు నేనద్దుతా."

"నా మొహం ఎవరికి కావాలి? వీడియోలో చేతులు మాత్రం తీయండి," అని బాబాయ్ లేచాడు. "నువ్వెళ్లి కౌంటరు కిటికీ ముందు నిలబడమ్మా. కాగితాల కోసం వచ్చావనుకో."

అమ్మాయి కెమెరాని బల్ల మీద సర్ది, వెళ్లి నిలబడింది. ఒక్క మాటైనా అడక్కుండా ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి పక్క తలుపు తీశాడు. "లోపలికి రండి. కూర్చోండి."

"కుర్చీలోనా? రూల్సులో లేదే!"

"నిలబెట్టి మాట్లాడకూడదు. వెనక క్యూ ఉంటుంది. వాళ్లు గడియారం చూసుకుంటుంటారు. వెనక్కి తిరిగి చూడకపోయినా అది వీపుకి తెలుస్తుంది."

అమ్మాయి గబగబా రాసుకుంది.

"దరఖాస్తులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది చూడు. అది వాళ్లచేత నింపించకు, ముందే నింపి ఉంచు. నంబరు పిలవకు. పేరు పూర్తిగా, నిదానంగా చదువు. ఈ ఆఫీసులో ఆ పేరు పిలవడం అదే ఆఖరుసారి. కలం మూత తీసి ఇవ్వు. ఆ వేళ్లు అప్పుడు మాట వినవు."

"స్టాంపు?"

"టప్పున కొట్టకు. మెల్లగా అద్ది తీయి. కాగితాలు విడిగా చేతికివ్వకు, కవరులో పెట్టి ఇవ్వు. మెట్ల దగ్గర గాలి ఎక్కువ. ఒక్క కాగితం ఎగిరినా, ఆ మనిషి దాని వెంట పరిగెత్తాల్సి వస్తుంది."

అక్క చేతిలో పని ఆపేసి వింటోంది. అమ్మాయి ఆరు నెలలుగా ఎందరో ప్రొఫెసర్ల ఉపన్యాసాలు రికార్డు చేసింది గానీ ఇలాంటి పాఠం వినలేదు.

"ఇవన్నీ మీకెవరు నేర్పారు బాబాయ్ గారూ?"

"నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన దగ్గరే నేర్చుకున్నా. ఒక్కరోజు చూశాను, జీవితానికి సరిపోయింది."

"అదృష్టవంతుడివి," అంది అక్క. "నాకు పని నేర్పినాయన దగ్గర నేను నేర్చుకున్నది, ఎవరూ చూడకుండా కునుకు తీయడమొక్కటే."

గురువారం డైరెక్టరు పాఠం చూసి మొహం చిట్లించాడు.

"సంతకం దగ్గర నలభై సెకన్లు ఏమీ జరగడం లేదేమిటి? మూడు సెకన్లు ఆగితే చాలు, మనవాళ్లు 'తరువాత' బటన్ నొక్కేస్తారు. కత్తిరించెయ్."

అమ్మాయి ఆ కబురు మోసుకుని కౌంటరుకి వచ్చింది. బాబాయ్ కోప్పడలేదు.

"సంతకానికి అంతసేపూ పడుతుందమ్మా. అప్పుడు ఊరికే ఉండటమే మన పని. దగ్గకూడదు. ఫోను చూడకూడదు. 'ఇక్కడ, ఇక్కడ' అని వేలు పెట్టి చూపించకూడదు. అది తీసేస్తే నా చేతులు కూడా తీసెయ్యి."

ఆ సాయంత్రం ఆమె ఏమీ కత్తిరించలేదు. నలభై సెకన్లు పూర్తయ్యేదాకా 'తరువాత' బటన్ పనిచేయకుండా చేసి డైరెక్టరు ముందు పెట్టింది. ఉద్యోగం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది అనుకుంది.

డైరెక్టరు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఇంకోసారి నొక్కబోయి ఆగాడు. తెర మీద బాబాయ్ చేతులు రెండూ బల్ల మీద కదలకుండా ఉన్నాయి. ఎదుట అమ్మాయి చేతిలోని కలం సంతకం గడి మీదే ఆగి ఉంది. డైరెక్టరు మౌసు వదిలేశాడు. పాఠం అయిపోయాక, "ఉండనీ," అని మాత్రం అన్నాడు.

శుక్రవారం అమ్మాయి ల్యాప్‌టాప్‌తో పరిగెత్తుకొచ్చింది. బాబాయ్ సొరుగులు ఖాళీ చేస్తున్నాడు.

"పాసైపోయాం! ఒక్కటే మిగిలింది. మీ గురువుగారి పేరు చెప్పండి, చివర 'కృతజ్ఞతలు' అని వేస్తాను."

"వద్దమ్మా."

"అదేంటి? మీకు ఇంత నేర్పిన మనిషి!"

"ఆయన నేర్పలేదు. తలెత్తి చూడనైనా లేదు. కిటికీలోంచి కాగితాలు బయటికి తోసేసి 'తరువాత ఎవరు?' అన్నాడంతే. ఆయన చేసినదంతా తిరగేసుకుని నేర్చుకున్నాను."

"అప్పటికే మీరిక్కడ పనిలో ఉన్నారా?"

బాబాయ్ ఆఖరి సొరుగు నెమ్మదిగా మూశాడు.

"ఆ రోజు మా అన్న కాగితాల కోసం వచ్చింది నేనేనమ్మా."