ఉలిపికట్టె

ఇంటర్నెట్ ప్రమాణాలు ఖరారు చేసే సంఘం పెద్దలు చర్చలోకి రావడానికి ఇంకా కాస్త వ్యవధి ఉందనగా, అతను మళ్ళీ దిగాడు.

"ఈ ఉదయం కూడా మెయిళ్ళు దారిలోనే ఆగిపోయాయి. పోయిన నెల చెప్పాను. అంతకుముందు నెలా చెప్పాను. ఎవరికైనా పట్టిందా?"

తెర మీద ఆ మాటలు చూసి మోడరేటర్ పళ్ళు నూరింది.

వేరొకరి పేరు పెట్టుకుని మెయిల్ పంపితే అక్కడికక్కడే పట్టేసే కొత్త పద్ధతి ఒకటి తయారైంది. ఇంటర్నెట్ అంతటికీ దాన్నే ప్రమాణం చేయాలని, అందరినీ అటు మళ్ళించాలని ఈ ఆన్‌లైన్ చర్చ పెట్టారు. సభ్యులు వందల్లో ఉన్నారు. మాట జారినవాళ్ళను మందలించడం, మితిమీరినవాళ్ళను బయటికి పంపడం ఆమె పని.

పని అంటే ఒట్టి జీతం పని కాదు. ఆమె పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌ను నమ్మి, సొంత అక్క ఇల్లు పోగొట్టుకుంది. ఇప్పుడు పక్క గదిలో ఉంటున్నది ఆ అక్కే. ఈ పద్ధతి నెగ్గితే ఇంకే అక్కకూ ఆ గతి పట్టదని చెల్లెలి ఆశ. ఆశ కూడా కాదు, పంతం.

ఆ సంగతి ఇవాళ తేలిపోతుంది. పెద్దలు ఒప్పుకుంటే ప్రమాణం, లేకపోతే అటక మీదికి.

సభ్యులా, బంగారు తండ్రులు. పొద్దుటినుంచీ అద్భుతమనీ, తమ సంస్థ పూర్తి మద్దతనీ రాస్తూనే ఉన్నారు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అతనికి ఆ పేరు పెట్టింది అక్క.

ఏడాదిగా అతనిది ఇదే వరస. ఇక్కడ ఇరుక్కుంటోందంటాడు, అక్కడ ఆలస్యమంటాడు. ఆగినవి ఎక్కడి మెయిళ్ళని అడిగితే, అవి బయటపెట్టకూడనివంటాడు. కల్పించి రాస్తున్నాడని అందరి అనుమానం. దొంగ మెయిళ్ళవాళ్ళే ఇతన్ని మన మీదికి తోలారేమో చూడమని ఒకాయన రాశాడు కూడా.

మోడరేటర్ కోపం దిగమింగి అతనికి విడిగా సందేశం పంపింది. ఇవాళ ఒక్కరోజు ఊరుకోమని, దండం పెడతానని బతిమాలింది.

జవాబు వెంటనే వచ్చింది.

"ఇవాళే చెప్పాలమ్మా. ఒప్పేసుకున్నాక నా మాట ఎవరు వింటారు?"

అక్క కాఫీ కప్పుతో వచ్చి భుజం మీదుగా చూసింది.

"పంపించెయ్యవే. పానకంలో పుడక."

"మాట తూలలేదక్కా. ఏ కారణం చూపించను?"

"నీ ఇన్నేళ్ళ కష్టం కన్నా కారణం కావాలా?"

ఇంతలో అతను అందరికీ కనబడేలా ఇంకో ముక్క రాశాడు. "ఇది బాగుచేయకపోతే ఈ పద్ధతి నడవదు. నడవనిదాన్ని ప్రమాణం చేయకండి."

పెద్దలు వచ్చి మొట్టమొదట చదివేది అదే. ఆమె బ్లాక్ నొక్కింది. కారణం అడిగిన చోట 'చర్చకు ఆటంకం' అని రాసి, అతని రాతలన్నీ తీసేసింది.

సభ్యులు చప్పట్ల బొమ్మలు కురిపించారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

సంఘం అధ్యక్షుడు వచ్చాడు. చర్చ పైనుంచి కిందిదాకా చదివి, ఇంత ఏకాభిప్రాయం తానెక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"వాడుతున్నది ఎవరు?"



సభ్యుల్లో ఒక బ్యాంకాయన, ఫోన్ కంపెనీ మారితే తామూ మారతామన్నాడు. ఫోన్ కంపెనీ ఆవిడ, బ్యాంకు కోసమే చూస్తున్నామంది. అద్భుతమని పొగిడిన పెద్దమనిషి తాను చదివి మాత్రమే చూశానన్నాడు.

"మాటలు కోటలు దాటుతున్నాయి, కాలు గడప దాటట్లేదు" అంది అక్క, మెల్లగా.

కాగితం మీద ఎంత ముచ్చటగా ఉన్నా, ఒక్క చోటైనా నిజంగా నడుస్తుంటేనే ప్రమాణమని అధ్యక్షుడు నియమం గుర్తుచేశాడు. ఒక్కరైనా ఉండి ఉంటారు, దయచేసి చూడమని మోడరేటర్ రాసింది.

"ఉన్నారమ్మా. ఎవరు వాడుతున్నారో చూసే మా కొలతల్లో ఒక్క చోటు కనబడింది. ఏదో పిల్లల ఆసుపత్రి, ఏడాదిగా నడుపుతున్నారు. దాని ధైర్యంతోనే ఇవాళ వచ్చాం."

"మరి అది చాలదా సార్?"

"సరిపోయేదే. ఇందాకే వాళ్ళు పాత పద్ధతికి వెళ్ళిపోయారు. ఎందుకని అడిగితే, అక్కడ మెయిళ్ళు చూసుకునే ఆయన ఇది పంపాడు."

అధ్యక్షుడు ఆ జవాబును చర్చలో పెట్టాడు. అందరితోపాటు ఆమె కూడా చదివింది.

"మా ఆసుపత్రి పేరుతో దొంగ మెయిళ్ళు పంపి తల్లిదండ్రుల్ని ఏడిపిస్తుంటే చూడలేక ఈ పద్ధతికి మారాను. మంచి పద్ధతి. కానీ లోపాలున్నాయి. మెయిల్ ఆగిన ప్రతిసారీ ఆ తల్లికో తండ్రికో నేనే ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఎక్కడ ఆగిందో రాస్తూ వచ్చాను. ఏదో ఒకరోజు బాగుచేస్తారనుకున్నాను. ఇప్పుడు చెప్పుకునే చోటు కూడా లేకుండా పోయింది. ఇంక నావల్ల కాదు."

ఆయన మీ చర్చలో సభ్యుడేనట, ఒకసారి పిలవమ్మా, మాట్లాడి ఒప్పిద్దామని అధ్యక్షుడు అడిగాడు.

ఆమె అక్క వైపు చూసింది. అక్క తల దించుకుంది.

వందలమంది మెచ్చుకున్న ఆ పద్ధతిని లోకం మొత్తం మీద నమ్మి వాడినవాడు ఉలిపికట్టె ఒక్కడే.