కొండ మీది గొంతు

రేడియో స్టూడియోలో అద్దం అవతల కుర్చీలో ఒక ముసలాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

పొద్దుటి పాటల కార్యక్రమానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. కిటికీ బయట మంచు తెరలు తెరలుగా కదులుతోంది.

అనౌన్సర్ తలుపు తీసి అడిగింది.

“ఎవరండీ మీరు? లోపలికి ఎవరు రానిచ్చారు?”

ఆయన కళ్ళు తెరిచి నవ్వాడు.

“మిమ్మల్నేనండీ. ఎవరు కావాలి?”

ఆయన వేలితో ఆమెనే చూపించి, మళ్ళీ నవ్వాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. అసలే నెల రోజులుగా మనసు మనసులో లేదు.

ప్రసారానికి ముందు లైను సరిచూసుకోవడం వాళ్ళ పద్ధతి. ఇక్కడ ఆమె మైకులో నాలుగు ముక్కలు మాట్లాడితే, ఊరవతల కొండ మీద ట్రాన్స్‌మిటర్ దగ్గరున్న టెక్నీషియన్ విని, హెడ్‌ఫోన్లో బదులు చెప్పేవాడు.

“వినిపిస్తోంది తల్లీ. ఇవాళ గొంతులో ఇంకా నిద్ర ఉంది. కాసిని వేణ్ణీళ్ళు తాగు.”

ముఖమైనా ఎరగని ఆ మనిషిని ఆమె బాబాయ్ అని పిలిచేది. ఆయన కబుర్లంటే చెవి కోసుకునేది.

ఆయన చెయ్యని ఉద్యోగం లేదు. నక్షత్రాల్ని వినే పెద్ద యాంటెన్నా దగ్గర పనిచేశాడు. భూకంపాల కేంద్రంలో పనిచేశాడు. టీవీ టవరెక్కి, మోకాళ్ళ కింద మేఘాలు పోతుంటే తీగలు బిగించాడు.

“ఆకాశం ఊరికే ఉండదు తల్లీ. పొంగే ముందు పాలగిన్నెలా సన్నగా సొద పెడుతుంది.”

“కోతలు కొయ్యకు బాబాయ్.”

“భూమి అయితే నిద్రలో పళ్ళు కొరుకుతుంది. అవన్నీ విన్న చెవులివి. నీ గొంతు విన్నాక ఇక ఎక్కడికీ పోబుద్ధి కాలేదు.”

ఆ మాటల్లో తేలుతూనే ఆమె మైకు ముందు నోరు విప్పేది.

నెల కిందట ఆ గొంతు ఆగిపోయింది. కొత్త టెక్నీషియన్ “సెలవులో ఉన్నారు మేడమ్” అనడం తప్ప మరో ముక్క చెప్పడు. అప్పట్నుంచీ ఆమె తడబడుతోంది. ఇంకోసారి తప్పు దొర్లితే కార్యక్రమం వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని పెద్దాఫీసరు అనేశాడు. ఆమెకి కావలసింది ఒక్కటే, ఆ గొంతు మళ్ళీ వినిపించడం.

ఇలాంటప్పుడు ఎవరో దారినపోయే మనిషి వచ్చి, ఎదురుగా తిష్ఠ వేశాడు.

“మాట్లాడరేం? మూగనోము పట్టారా?”

ఆయన నవ్వు వాడిపోయింది. ఏదో వెతుకుతున్నట్టు జేబులు తడుముకున్నాడు.

“గార్డుగారూ, ఈయన్ని కాస్త బయటికి తీసుకెళ్ళండి.”

ఆయన గొడవ పెట్టలేదు. గుమ్మం దగ్గర ఆగి, దీవిస్తున్నట్టు చెయ్యెత్తి, మంచులోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు లైను సరిచూసుకునేటప్పుడు ఆమె ఇక ఉండబట్టలేక కొత్త టెక్నీషియన్ని బతిమాలింది.

“బాబాయ్ ఎక్కడున్నా సరే, ఒక్కసారి ఫోన్లో మాట్లాడించండి. మీకు పుణ్యముంటుంది.”

హెడ్‌ఫోన్లో అతను గొంతు తగ్గించాడు.

“మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు మేడమ్. నిన్ననే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు, ఇక దాచి ఏం లాభం?”

“నంబరు చెప్పండి, నేనే చేస్తాను.”

“ఫోన్లో ఏం మాట్లాడతారు మేడమ్, ఆపరేషన్‌లో గొంతు తీసేస్తేనూ? నిన్న రైలెక్కే ముందు, ఒక్కసారి ఎదురుగా కూర్చుని మీ మాట వినిపోదామని మీ స్టూడియోకే వచ్చారు.”