వరదయ్య తర్జుమా

"ఆ తల్లి చేసింది న్యాయమే!" అంది గోవిందమ్మ, చేతిలోని చిక్కుడుకాయను టీవీ వైపు ఆడిస్తూ. "చెప్పాపెట్టకుండా పెండ్లి చేసుకోని పోయిన కూతుర్ని యాడన్నా నెత్తిన పెట్టుకుంటారా?"

"అట్లనొద్దు వదినా. ఆమెది రాతిగుండె." పక్కింటి అలిమేలమ్మ ఒప్పుకోలేదు. "పిల్ల నిండు చూలాలు. తొలికాన్పు పుట్టింట్లో గాక ఇంక యాడ జరగల్ల? ఏమంటావన్నా, నువ్వు చెప్పు."

వరదయ్య గొంతు సవరించుకున్నాడు. తిరుత్తణిలో ఆ వీధి మొత్తానికి హిందీ వచ్చినవాడు ఆయనొక్కడే అని పేరు. వయసులో బెల్లం లారీల వెంట నాగపూరు దాకా పోయొచ్చినవాడు మరి. ఆదివారం పొద్దున వచ్చే హిందీ సీరియల్‌ను మాట మాటా విడమరిచి తెలుగులో చెప్పే పెద్దరికం ఆయనకే దక్కింది. నిజం చెప్పాలంటే ఆయన హిందీ బేరమాడటానికి సరిపోతుంది, అదీ బెల్లం బేరానికి. టీవీలో వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో ఆ కొండ మీది మురుగనికే తెలియాలి.

అయినా చెప్పేవాడు. తెర మీద ఎవరు కనబడినా అది కూతురి కథే అయ్యేది. సొంత కూతురు కోకిల తిరువళ్ళూరులో తొమ్మిదో నెల కడుపుతో ఉంది. ఆఫీసులో తనతో పనిచేసే ఆరోగ్యస్వామిని చెప్పకుండా పెళ్లి చేసుకున్నప్పటి నుంచీ ఇంట్లో ఆమె పేరెత్తితే గోవిందమ్మ పొయ్యి వెలిగించదు. పేరెత్తకుండా బిడ్డ సంగతి చెప్పాలంటే, పాపం, వరదయ్యకు టీవీ తప్ప దిక్కు లేకపోయింది. పురుటికి పిల్లను తెచ్చుకుందామని పెళ్లాం నోట ఒక్క మాట అనిపించాలి. పురుడు అత్తింట్లో జరిగిపోయాక ఆ మాట వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

తెర మీద నల్లకోటు మనిషి ఒకడు చేతులు ఊపుతూ అరుస్తున్నాడు.

"ఈయనెవురు?" అడిగింది గోవిందమ్మ.

"డాక్టరు."

"డాక్టరుకు నల్లకోటేంది?"

"ఉత్తరాదిన చలి గదా. నల్లదైతే వెచ్చగా ఉంటాది."

"ఏమంటాడు?"

"పిల్ల శానా నీరసంగా ఉండాది, పక్కన తల్లి ఉంటే మేలంటాడు. నేనిచ్చే మందులకంటే అమ్మ చేతి మిరియాల చారే మందంట."

"ఆ దేశపోళ్లు మిరియాల చారు తాగుతారా?"

"ఈమధ్య నేర్చుకున్నారు."

అలిమేలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పావం! ఏ తల్లి కన్న బిడ్డో!"

గోవిందమ్మ ఈనెలు తీయడం ఆపేసింది. "ఇన్ని వారాలుగా చూస్తా ఉండా. తల్లి మొండిది, తల్లి రాయి, తల్లి అట్ల, తల్లి ఇట్ల. ఆ పిల్లకు తండ్రి లేడా?"

వరదయ్య గతుక్కుమన్నాడు. కథ అల్లేవాడికి ఆ సంగతే తట్టలేదు.

"ఉండాడు."

"ఉండి ఏం చేస్తా ఉండాడు? నోట్లో నాలుక లేదా? పెండ్లాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకోని, నా బిడ్డను చూడాలని ఉండాది అని ఒక్కనాడన్నా అడిగినాడా?"

వరదయ్య తెరంతా వెతికాడు. తండ్రి వేషానికి పనికొచ్చే ముసలాయన ఒక్కడూ దొరకలేదు. ఇక అటు చూడటం మానేశాడు.

"ఆయన... భయపడినాడు. అడిగినాక ఆమె ఒకేసారి వద్దనేస్తే ఇంక దారే ఉండదు గదా, అందుకని. అట్లని ఆయనకు మాత్రం అన్నం దిగతా ఉండాదా? వీధిలో ఎవురి చంటిబిడ్డ ఏడ్చినా లేచి వాకిలి దాకా పోతాడు. పిరికోడు. బిడ్డంటే మాత్రం ప్రాణం. పెండ్లామన్నా ప్రాణమే. ఇద్దరి మధ్యన నలిగి..."

 కళ్ల నీళ్లు చెంపల మీదికి జారాయి. తెర మీద సీరియల్ ఎప్పుడో అయిపోయి సబ్బు పొడి పాట వస్తున్న సంగతి ఆయన గమనించనేలేదు. అలిమేలమ్మ గమనించింది గానీ, ఏడుస్తున్న మనిషితో సబ్బు పొడి సంగతి ఏం చెబుతుంది? మెల్లగా లేచి ఇంటికి పోయింది.

గోవిందమ్మ టీవీ ఆపి, చిక్కుడుకాయల చాట అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది.  ఈ పూట పొయ్యి వెలగదు, ఈ జన్మకు కోకిల ఈ గడప తొక్కదు అనుకున్నాడు వరదయ్య.

కాసేపటికి ఆమె చీర మార్చుకుని, చేత్తో సంచి పట్టుకుని వచ్చింది. సంచి నిండా ఉతికి మడతపెట్టిన పాత నూలు చీరలు, చంటిబిడ్డకు వేసే మెత్తటివి.

"అట్ల చూస్తా కూర్చున్నావేంది? చొక్కా ఏసుకో. తిరువళ్ళూరు బస్సు పోతాది. పిల్లను తోడుకోనొద్దాం."

వరదయ్యకు ఏనుగెక్కినంత సంబరం. చొక్కా తిరగేసి తొడుక్కుని, మళ్లీ విప్పి తొడుక్కుని, పరుగులాంటి నడకతో బస్టాండు చేరాడు. బస్సు కదిలి ఊరు దాటగానే మాటలు అందుకున్నాడు. 

"ఏమైనా చెప్పు గోవిందమ్మా, సీరియల్ అంటే అదీ! రాసినోడెవురో గానీ మనిషి మనసునే మార్చేసినాడు."

"వాడు రాసింది పొలం తగాదా. బిడ్డ కథ చెప్పింది నువ్వు." గోవిందమ్మ ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. "ఈ వారమన్నా నోరు తెరిచి నన్ను అడుగుతావేమోనని ఆదివారం ఆదివారం కాచుకోని కూర్చున్నా. నేను పెండ్లికి ముందే హిందీ పరీక్ష ఫస్టు క్లాసులో పాసైనదాన్నయ్యా!"