జమీందారు కారు ఇంజను

జగ్గయ్యపేటలో షెడ్డు నడిపే ఇమాం, జమీందారుగారి పాత విదేశీ కారులోంచి ఇంజను ఊడదీసి పిచ్చయ్య పికప్ వ్యానుకు బిగించాడు. కారు మాత్రం రబ్బరు బూర హారనుతో సహా షెడ్డులోనే ఉండిపోయింది. చక్రాలు కూడా అమ్ముడుపోవడంతో దాన్ని ఇటుకల మీద నిలబెట్టారు.

"బ్రహ్మాండంగా లాగుద్ది. దిగుడులో మాత్రం ఇంజను ఆపమాక," అన్నాడు ఇమాం.

"ఏం, బ్రేకులు పట్టవా?"

"పడతయ్. ఆపమాక, అంతే."

ఆ రాత్రి మిరపకాయల బస్తాలతో పిచ్చయ్య ఒక్కడే బయల్దేరాడు. నందిగామ ఇవతల పెద్ద దిగుడు రాగానే, పెట్రోలు కలిసొస్తుందని ఇరవయ్యేళ్లుగా చేస్తున్న పనే చేసింది అతని చెయ్యి. తాళం తిప్పేసింది. హోరు ఆగిపోయి, వ్యాను నిశ్శబ్దంగా జారుతోంది.

వెనక నుంచి బూర హారను మోగింది.

ఎవరో తొందరలో ఉన్నారనుకుని, ఎడమకు జరిగి చెయ్యి ఊపి సైడిచ్చాడు. ఏదీ దాటిపోలేదు. వెనక్కి చూస్తే దీపాల్లేవు. ఇంజను చప్పుడూ లేదు. రోడ్డు మీద ఇటుకలు ఈడుస్తున్నట్టు గరగర మాత్రం వినిపిస్తోంది.

హారను మళ్లీ మోగింది. ఈసారి కుడి చెవి పక్కనే.

పిచ్చయ్య తాళం తిప్పి గేరు వేశాడు. ఇంజను అందుకోలేదు. దిగుడు అయిపోయి వ్యాను ఆగిపోయింది. ఇక స్టార్టు చెయ్యాలంటే దిగి, ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పాలి. సీటు కింద ఉన్న హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకున్నాడుగాని, దిగలేదు.

గరగర అతన్ని దాటుకుని ముందుకెళ్లి ఆగింది. వ్యాను దీపాల వెలుగులో ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు.

బానెట్టు కొక్కెం ఊడిన చప్పుడైంది. తర్వాత బానెట్టు మెల్లగా పైకి లేచి, అద్దానికి అడ్డంగా నిలబడింది.