సున్నం గీతలు

"కార్డేది చాచా?"

గేటు దగ్గర క్లబ్బు సెక్రటరీ మహేందర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

ఎదురుగా ముసలాయన. వేళ్ల నిండా సున్నం. పొద్దున్నే వచ్చి గ్రౌండులో గీతలు గీసే మనిషి. మాదన్నపేట ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులో అందరికీ ఆయన చూనా చాచా. అసలు పేరేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"లోపల అయిదు నిమిషాల పనుండె బేటా."

"గీతలు అయిపోయినయి గదా. ఇంకేం పని?"

"ఆఫీసుల..."

"ఆఫీసులకు ఎవరు పడితే వాళ్లు వచ్చుడు బంద్ చేసిన చాచా. గోడకు చార్టు పెట్టిన, చూడలేదా? పోస్టు ఉన్నోళ్లకే కార్డు. కార్డు ఉన్నోళ్లే లోపలికి. మీదేం పోస్టు?"

చాచా తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"పొద్దుగాల గీతలు గీస్త."

"దానికి వలంటీర్లను పెట్టిన. రేపటి సంది మీకు ఆ తిప్పలు గూడ లేదు. ఇంటికాడ రెస్టు తీస్కోన్రి."

"రూలు మంచిగనే ఉన్నది బేటా," అని, సున్నం డబ్బా గేటు పక్కన పెట్టి చాచా వెళ్లిపోయాడు.

మహేందర్ చెడ్డవాడేం కాదు. ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన పొద్దంతా క్లబ్బుకే ధారపోసే మనిషి. రెండు నెలల కిందట సెక్రటరీగా వచ్చేసరికి అంతా గందరగోళం. బంతులు ఎవరి ఇంట్లో ఉన్నాయో, మందుల పెట్టె ఎవరు మోయాలో చెప్పే నాథుడు లేడు. పోస్టులు పంచాడు, చార్టు రాశాడు, కార్డులు అచ్చు వేయించాడు.

ఒక్క కార్డు మాత్రం ఇవ్వడానికి మనిషి దొరకలేదు. చార్టులో అన్నిటికన్నా పై గడి. అధ్యక్షుడు, ఎస్.ఎ. వహీద్. ఆ పెద్దమనిషి మీటింగులకు రాడు, కుర్చీలో కూర్చోడు. పాత రిజిస్టర్లలో సంతకం తప్ప ఆయన జాడే లేదు. పెద్దరికమంటే ఇంతే మరి అని విసుక్కుని, ఎక్కడైనా ఎదురుపడితే ఇద్దామని ఆ ఒకటో నంబరు కార్డును మహేందర్ జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

పదకొండింటికి, జట్టును లీగ్‌లో చేర్చే ఫారం తీశాడు. అన్నీ పాత సెక్రటరీ ప్రకాశం నింపి పెట్టినవే. చివరి పేజీ తిప్పాడు. అధ్యక్షుడి సంతకం లేదు.

లీగ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"సాయంత్రం అయిదు లోపల రావాలి. స్టాంపు వేస్తే చెల్లదు. ఆయన స్వయంగా సంతకం పెట్టాలి," అన్నారు అవతల.

"రేపు పొద్దున..."

"రేపు లేదు."

పద్దెనిమిది మంది పిల్లలు. రెండేళ్ల కష్టం. కెప్టెన్ హఫ్సాకు వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఆ పిల్లకు ఇదే ఆఖరు లీగ్.

"సదర్ సాబ్ ఇల్లు ఎక్కడ బాలరాజన్నా?" అని కోచ్‌ను అడిగాడు.

"నేనొచ్చి ఏడాదే గదా. అధ్యక్షుణ్ని ఎన్నడు చూడలే."

ప్రకాశానికి కంటి ఆపరేషన్ అయింది. ఫోన్ స్విచాఫ్. ఉపాధ్యక్షుడికి పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉందంటే బండి మీద పరుగెత్తాడు. షట్టర్‌కు తాళం. ఉమ్రా యాత్రకు మక్కా పోయిండని పక్క దుకాణం వాళ్లు చెప్పారు. ఎండలో నిలబడి ప్రకాశం నంబరే మళ్లీ మళ్లీ నొక్కాడు. మహేందర్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

నాలుగింటికి ప్రకాశం ఫోన్ ఎత్తాడు.

"సదర్ సాబా? మాదన్నపేట మండి ఎనుక సందు, పచ్చ తలుపు. అయినా నువ్వెందుకు పోవుడు? ఏటా ఆఖరి తారీకు ఆయననే వస్తడు గదా, పెన్ను పట్టుకొని."

"ఇయ్యాల ఎవరూ రాలేదన్నా."

"రాకుండ ఉండడే."

మహేందర్ వినిపించుకోలేదు. అప్పటికే బండి తిప్పాడు.

పచ్చ తలుపు తట్టేసరికి నాలుగున్నర. వహీద్ భార్య ఇక్బాలున్నీసా బేగం తలుపు తీసింది.

"సదర్ సాబ్ ఉన్నరా ఖాలా? ఒక్క సంతకం. పిల్లల లీగ్ పోతది."

"లేరు బేటా. మధ్యాహ్నం బస్సుకు జహీరాబాద్ పోయిన్రు, బిడ్డ దగ్గరికి. రేపటి సంది ఇక్కడ నాకేం పని లేదన్నరు."

"ఫోన్ చేయున్రి, నేను మాట్లాడుత."

ఆమె గూట్లో ఉన్న ఫోన్ చూపించింది. "ఇక్కడనే ఇడిసిపెట్టి పోయిన్రు."

మహేందర్ జేబులో ఫోన్ మోగింది. హఫ్సా. "అన్నా, ఫారం ఇచ్చినవా?" అని అడుగుతుందని తెలుసు. ఎత్తలేదు.

"పొద్దుగాల సంతకానికనే పోయిన్రు బేటా. గేటుకాడ ఆపిన్రంట. మీరెవరో చెప్పకపోయిన్రా అని నేను కోపం చేసిన. చెప్పుకొని లోపలికి పోతే ఇగ ఆ రూలు ఎవరు పాటిస్తరు, కార్డిచ్చినప్పుడు పోత అన్నరు."

ఆమె అతని ముఖంలోకి ఆశగా చూసింది.

"నువ్వు కార్డు గిట్ల తెచ్చినవా?"

మహేందర్ తల దించుకున్నాడు. గడప పక్కన రెండు పాత చెప్పులు, అంచుల దాకా సున్నం.

రెండు నెలలుగా అతని జేబులోనే నలుగుతున్న ఒకటో నంబరు కార్డు, ఆ చెప్పుల మనిషి పేరుతో, పొద్దున గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టినప్పుడు కూడా అక్కడే ఉంది.