కొంగ ఎత్తిన రెక్క

ఎండిపోయిన కుంట గట్టు మీద కుందేళ్లు పందేలు పెట్టుకుని పరుగెత్తేవి. మలుపులో కాపలా ఉండేది ముసలి కొంగ. ఎవరైనా పడితే తను రెక్క ఎత్తుతుంది, అందరూ నెమ్మదించాలి. ఎక్కడ మరిచిపోతారోనని ఆ మాట రోజూ పొద్దున్నే అందరికీ చెప్పేది.

"నిన్నా చెప్పావు కదవ్వా!" అని విసుక్కునేది గిరక అనే కుందేలు.

ఆ రోజు ముందున్న బుల్లి కుందేలు జారి దారికడ్డంగా పడింది. కొంగ రెక్క ఎత్తింది. దాటిపోవడానికి ఇదే అదను అనుకుని గిరక ఇంకా జోరు పెంచింది. బుల్లిని తట్టుకుని పక్కనే కూలబడింది. కాలు విరిగింది.

వెనక మంద దూసుకొస్తోంది.

"అవ్వా, రెక్క ఎత్తు! వాళ్లకి కనబడలేదు!" అని అరిచింది గిరక.

కొంగకి ఒళ్లు మండింది. "దించితే కదే ఎత్తడానికి! నీకు కనబడినట్టే వాళ్లకీ కనబడింది."